ఇంటికప్పు కరెంటు – ఓటరు ఆలోచన

సంఘంలో పాలు పోయని మనిషికి వెన్న శాతం ఎంత కట్టారన్నది పట్టదు. తెల్లవారుజామునే క్యాను పట్టుకు వచ్చిన సభ్యుడు మాత్రం ఒక్క పాయింటు తగ్గినా నిలదీస్తాడు, సర్వసభ్య సమావేశానికి తప్పక వస్తాడు. ఇంటికప్పుపై సౌర పలకలు పెట్టుకున్నవారి విషయంలోనూ జరిగేది ఇదే. అమెరికాలోని నెవాడా రాష్ట్రం ఇందుకు మంచి ఉదాహరణ.

అక్కడ ఇంటివారు పగలు మిగిలిన కరెంటును లైనులోకి పంపి, రాత్రి తిరిగి వాడుకునేవారు. యూనిట్టుకు యూనిట్టు చెల్లు. దీనినే నెట్ మీటరింగు అంటారు. పంపే కరెంటు విలువను తగ్గించాలనీ, నెలనెలా కట్టే స్థిర చార్జీని పెంచాలనీ 2015 డిసెంబరులో రాష్ట్ర కమిషను నిర్ణయించింది. కొత్తవారికే గాక అప్పటికే పలకలు పెట్టుకున్నవారికీ దీనిని వర్తింపజేసింది. అప్పు చేసి గేదెను కొన్నాక పాలధర కోస్తే మనకెలా ఉంటుంది? అక్కడా గగ్గోలు పుట్టింది. పాతవారికి పాత లెక్కే ఉంచడానికి 2016లో ఒప్పుకోక తప్పలేదు. కొత్తగా చేరేవారికి తొలి దశలో చిల్లర ధరలో 95 శాతం ఇచ్చే చట్టాన్ని ఉభయ పార్టీల సభ్యులూ బలపరచగా, 2017 జూన్‌లో రిపబ్లికన్ గవర్నరు బ్రయన్ శాండోవల్ సంతకం చేశారు.

స్తంభాల, తీగల ఖర్చు పలకలు లేని ఇళ్ళ మీద పడుతుందన్న కంపెనీల వాదననూ బొత్తిగా తోసిపుచ్చలేము.

అయితే పలకలు పెట్టగానే మనిషి పార్టీ మారతాడా? అలా అనుకోనక్కరలేదు. ఫ్లోరిడాలో 2016 నవంబరులో కరెంటు కంపెనీలు డబ్బు పెట్టి బలపరచిన సౌరవిద్యుత్ సవరణకు 60 శాతం ఓట్లు కావలసి ఉండగా సుమారు 51 శాతమే వచ్చి వీగిపోయింది. ఆ రోజునే ఆ రాష్ట్రంలో ట్రంపు గెలిచారు. 2013లో జార్జియాలోనైతే మితవాద టీ పార్టీవారే పర్యావరణవాదులతో చేయికలిపి సౌరవిద్యుత్ పెంచాలని పట్టుబట్టారు. నా కప్పు, నా హక్కు అన్నది వారి వాదన.

ఇంకొక మెలిక ఉంది. పలకలు పెట్టుకునేది ఎక్కువగా సొంత ఇల్లు, చేతిలో కాస్త డబ్బు ఉన్నవారు. వారు ముందునుంచే ఓటు వేసేవారు కావచ్చు. గేదె ఉన్నవాడే గదా సంఘంలో చేరేది! కాబట్టి వారి చైతన్యమంతా పలకల చలవే అనలేము.

మన దేశంలో 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు రూ. 78,000 సబ్సిడీ ప్రకటించారు. దరఖాస్తు చేసే సభ్యులు సబ్సిడీతోబాటు, మిగులు యూనిట్టుకు ఏ ధర కడతారు, ఆ ధర ఎన్నేళ్ళు నిలుస్తుంది అన్నదీ అడిగి, ఒప్పందం కాగితంలో చూసుకుని సంతకం చేయండి.