టిక్కుమంది, పేలలేదు: తొండూరు మిద్దె మీద నుంచి టెక్సాస్ తుపాకీకి ట్రబుల్‌షూటింగ్

మా సైట్‌లో ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకుల గురించే రాస్తాను. ఈసారి విషయం వేరే. కానీ ఇందులో కూడా పని చేసింది ఫోనే, అందుకే ఇక్కడే రాస్తున్నా.

పోయిన నెల మా ఊరు తొండూరు వెళ్లాను. శనివారం రాత్రి ఎనిమిదిన్నర, సిగ్నల్ కోసం మిద్దె ఎక్కాను. డల్లాస్‌లో ఉండే మా బామ్మర్ది వీడియో కాల్ చేశాడు. అక్కడ పొద్దున పది. మట్టి పళ్లేలు గాల్లోకి విసిరి కొట్టే క్లే షూటింగ్ రేంజ్‌లో ఉన్నాడు. చేతిలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న 12 బోర్ సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్.

"బావా, ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమంటాది గానీ పేలదు. ఇదిగో సూడు" అంటూ తుపాకీని కెమెరా వైపు తిప్పబోయాడు.

"తిప్పొద్దురా! మూతి అట్లే ముందుకే ఉండనీ. ట్రిగ్గర్ మీద నుంచి వేలు తియ్. ఒక నిమిషం కదలొద్దు" అని అరిచాను. కింద వాకిట్లో మా జేజి "ఏమైందిరా?" అని భయపడి లేచింది.

ఆ ఒక్క నిమిషం ఎందుకు?

ఫోన్ హ్యాంగ్ అయితే వెంటనే రీస్టార్ట్ చేస్తాం. తుపాకీ పేలకపోతే వెంటనే ఏమీ చేయకూడదు. అరుదుగా అయినా సరే, మందు ఆలస్యంగా అంటుకుని కొన్ని సెకన్ల తర్వాత పేలే అవకాశం ఉంటుంది. దీన్ని హ్యాంగ్ ఫైర్ అంటారు. ఆ టైమ్‌లో బోల్ట్ వెనక్కి లాగితే తూటా ముఖం ముందే పగులుతుంది.

ఎంత ఒత్తిడో తెలియాలంటే మన వంటింటి లెక్క చూద్దాం. ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసేది సుమారు 15 పీఎస్ఐ దగ్గర. మామూలు 12 బోర్ తూటాకు అమెరికాలో పెట్టిన గరిష్ఠ పరిమితి 11,500 పీఎస్ఐ. అంటే కుక్కర్ కంటే 750 రెట్లు పైనే. కుక్కర్ మూత సరిగా పడకుండా స్టవ్ మీద పెడతామా? బోల్ట్ లాక్ కావడం అంటే ఆ మూత పడటమే.

నిమిషం అయ్యాక రేంజ్ ఆఫీసర్‌ను పిలవమన్నాను. ఆయన వచ్చి తూటా బయటికి తీశాడు. దాని వెనక భాగాన్ని ఫొటో తీసి పంపమన్నాను.

ప్రైమర్ చెప్పే మూడు సంగతులు

తూటా వెనక మధ్యలో చిన్న బిళ్ల ఉంటుంది. అదే ప్రైమర్. ఫైరింగ్ పిన్ దాన్ని పొడిస్తేనే మందు అంటుకుంటుంది. ఆ బిళ్ల మీద గుర్తు చూస్తే సగం సమస్య తెలిసిపోతుంది.

గుంట లోతుగా పడినా పేలకపోతే, అనుమానం తూటా మీద. గుంట లైట్‌గా ఉంటే పిన్, దాని స్ప్రింగ్, దెబ్బ వేసే హ్యామర్ చూడాలి, లేదా లాక్ సగమే పడి ఉండాలి. గుంటే లేకపోతే పిన్ అక్కడిదాకా రాలేదు, అంటే బోల్ట్ లాక్ కాలేదనే అనుమానం ఎక్కువ.

మావాడు పంపిన ఫొటోలో బిళ్ల కొత్త రూపాయి బిళ్లలా మెరుస్తోంది. గీత కూడా లేదు.

(ఫోన్ టిప్: ఇలాంటి ఫొటోకు 2 మెగాపిక్సెల్ మ్యాక్రో కెమెరా వద్దు. కాస్త దూరం నుంచి మెయిన్ కెమెరాలో 2ఎక్స్ జూమ్ పెట్టండి.)

అసలు లాక్ ఎలా పడుతుంది?

వాడిది ఇనర్షియా పద్ధతిలో నడిచే తుపాకీ. బ్రూనో సివొలాని అనే ఇటలీ ఇంజనీర్ తెచ్చిన పద్ధతి ఇది. బైకుల బెనెల్లీ కుటుంబమే 1967లో తుపాకుల కంపెనీ పెట్టి దీన్ని ప్రపంచానికి తెచ్చింది. ఇప్పుడు చాలా కంపెనీలు వాడుతున్నాయి. మావాడిది ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం.

బోల్ట్ ముందు తల లాంటి ముక్క ఉంటుంది, దానికి రెండు చెవులు. బోల్ట్ ముందుకొచ్చి ఆఖరి కొన్ని మిల్లీమీటర్లు కదిలేటప్పుడు ఆ తల తిరుగుతుంది. చెవులు బ్యారెల్ వెనకున్న గాడుల్లో ఇరుక్కుంటాయి. గొళ్లెం పడినట్టే. ఆ తిప్పే బలం ఇచ్చేది రిటర్న్ స్ప్రింగ్. చాలా మోడల్స్‌లో అది బట్ లోపల గొట్టంలో దాగి ఉంటుంది. ఆ బలం చాలకపోతే తల సగమే తిరుగుతుంది. బయటికి బోల్ట్ మూసుకున్నట్టే కనిపిస్తుంది. ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్ దెబ్బ వృథా అవుతుంది. అదే ఆ టిక్కు.

240 ఫ్రేమ్స్ పట్టించిన దొంగ

మరుసటి రోజు మళ్లీ కాల్. "తూటాలు ఎక్కడున్నాయి?" అని అడిగాను. "పక్క రూములో బీరువాలో పెట్టి తాళమేసినా బావా." "ఛాంబర్, మ్యాగజైన్ రెండూ చూసినావా?" "కంటితో సూసినా, వేలు పెట్టి సూసినా." అప్పుడే ముందుకెళ్లాం. మందు లేని డమ్మీ తూటాలతోనే టెస్ట్.

ఫోన్‌ను స్టాండ్‌లో పెట్టి స్లో మోషన్‌లో 240 ఫ్రేమ్స్ పెట్టమన్నాను. ఒక్కో ఫ్రేమ్‌కు 4 మిల్లీసెకన్ల పైన. ఇంట్లో బల్బు వెలుతురులో తీస్తే వీడియో మినుకుమినుకుమంటుంది, కిటికీ దగ్గర ఎండలో తీయమన్నాను. వాట్సాప్‌లో వీడియోగా పంపితే క్వాలిటీ పోతుంది, డాక్యుమెంట్‌గా పంపించాడు.

రెండు క్లిప్పులు. మొదటిదాంట్లో హ్యాండిల్ పూర్తిగా వెనక్కి లాగి ఒక్కసారి వదిలాడు. బోల్ట్ వెళ్లింది కానీ చివర్లో నీరసపడి, ఆగి, మెల్లగా కూర్చుంది. రెండోదాంట్లో రోజూ చేసినట్టు చేశాడు. అంటే హ్యాండిల్‌ను చేత్తో పట్టుకుని నెమ్మదిగా ముందుకు వదిలాడు, గీతలు పడతాయని. బోల్ట్ కొన్ని మిల్లీమీటర్ల ముందే ఆగిపోయింది. కంటికి కనబడని తేడా ఫ్రేమ్ ఫ్రేమ్‌గా జరిపితే స్పష్టంగా కనిపించింది.

"అయితే చివర్లో బొటనవేలితో ఒక నెట్టు నెడితే సరిపోతాది గదా బావా?" అన్నాడు.

"ఒకసారి సరిపోతుంది. వెయ్యిసార్లు గుర్తుంటుందా? ఎందుకు ఆగుతుందో తెలుసుకోకుండా నెట్టడం రోగం దాచుకోవడమే" అన్నాను.

ఇంట్లో వాడు చేయదగ్గవి రెండే చెప్పాను. బోల్ట్ తీసి చెవులు, గాడుల్లో మసి, చిక్కటి నూనె తుడిచి, పల్చటి నూనె చుక్క వేయడం. తూటాల అట్టపెట్టె మీద పొడవు, బ్యారెల్ మీద రాసింది సరిపోతున్నాయా అని చూడడం. 70 ఎంఎం ఛాంబర్‌లో 76 ఎంఎం తూటా వేయకూడదు.

తుడిచాక కొంచెం మెరుగైంది, పూర్తిగా కాలేదు. అప్పుడు గన్‌స్మిత్ దగ్గరికి పొమ్మన్నాను. ఆయన బట్ విప్పితే గొట్టంలో తుప్పు, ఎండిన జిడ్డు. స్ప్రింగ్ కొత్తదానికంటే పొట్టిగా అయిపోయింది. మార్చాడు. తర్వాత వచ్చిన క్లిప్‌లో బోల్ట్ ఎక్కడా ఆగకుండా 'టప్'మని కూర్చుంది.

జేజినాయన లైవ్ డెమో

ఇంత నాకెలా తెలుసంటారా? సగం చదివి తెలుసుకున్నది, సగం మా జేజినాయన పుణ్యం. శనగ చేలో అడవిపందుల కోసం ఆయనకు లైసెన్స్ తుపాకీ ఉండేది, నడుం విరిచే పాత మోడల్. ఎన్నికలు వస్తే స్టేషన్‌లో డిపాజిట్ చేసి, అయ్యాక తెచ్చుకునేవాడు. తెచ్చిన ప్రతిసారీ ముందు చేసే పని ఒకటే: విరిచి, గొట్టం ఎండకు పెట్టి చూడడం. "పోలీసోళ్లు ఖాళీగానే ఇచ్చినారు గదా?" అంటే, "ఇచ్చింది వాళ్లు, సూసింది నేను కాదు గదరా" అనేవాడు. మూసేటప్పుడు లివర్ కొంచెం వదులనిపించినా తనే సుత్తి పట్టేవాడు కాదు, లైసెన్స్ ఉన్న రిపేరు షాపుకే తీసుకుపోయేవాడు.

ఇప్పటికీ మన చట్టం అంతే. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకులు రిపేరు చేసే వ్యాపారానికి కూడా లైసెన్స్ ఉండాలి. రీల్స్ చూసి విప్పడానికి ఇది ఛార్జింగ్ పోర్ట్ కాదు.

మా వెర్డిక్ట్

స్లో మోషన్ కెమెరాకు ఫుల్ మార్కులు. నీరసపడిన స్ప్రింగ్, అరిగిన గేరు, సరిగా పడని గొళ్లెం ఏదైనా పట్టిస్తుంది. కానీ అది తప్పు చూపిస్తుందే తప్ప, తప్పు లేదని గ్యారంటీ ఇవ్వదు.

మా బామ్మర్ది ఇప్పుడు కాల్ చేస్తే ముందు చెప్పే మాట మారింది. "బావా, ఖాళీ. రెండుసార్లు సూసినా." జేజికి ఈ సంగతి చెబితే, "మీ జేజినాయన మాదిరే" అని నవ్వి పడుకుంది.