తొలి స్మార్ట్‌ఫోన్లలో తృతీయపక్ష యాప్‌లు – నిస్తంత్రీ నెట్‌వర్క్ వేగం: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

2007–2010 మధ్యకాలంలో స్మార్ట్‌ఫోన్లలోకి ఇతరులు రాసిన యాప్‌లను అనుమతించాలా వద్దా అన్న చర్చ ప్రధానంగా నెట్‌వర్క్ వేగం చుట్టూ నడిచింది. బయటివారి యాప్‌లు నెట్‌వర్క్‌ను కుంగదీస్తాయన్నది ఒక వాదం. నెట్‌వర్క్ రద్దీ పేరుతో సేవాసంస్థలు తమ ఆదాయాన్ని కాపాడుకుంటున్నాయన్నది దానికి ప్రతివాదం. ‘వేగం’ అనే మాటకు సాంకేతికంగా ఉన్న భిన్నార్థాలను విడదీసి చూపడం, యాప్‌లు నెట్‌వర్క్‌పై మోపే భారం ఎన్ని విధాలుగా ఉంటుందో వివరించడం, ఆ వెలుగులో పై రెండు వాదాల బలాబలాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: స్మార్ట్‌ఫోన్, తృతీయపక్ష యాప్, ఎడ్జ్, 3జి, వైఫై, జాప్యం, సిగ్నలింగ్, ఒపెరా మినీ.

1. ఉపోద్ఘాతం:

యాపిల్ సంస్థ తన తొలి ఐఫోన్‌ను 2007 జనవరి 9న ప్రకటించి, అదే ఏడాది జూన్ 29న అమెరికాలో విడుదల చేసింది. అందులో సంస్థ స్వయంగా రూపొందించి అమర్చిన యాప్‌లు తప్ప వేరేవి వేసుకునే అవకాశం లేదు. దీనికి స్టీవ్ జాబ్స్ ఆ జనవరిలోనే ఒక పత్రికతో మాట్లాడుతూ చెప్పిన కారణం గమనించదగినది. ఎవరో రాసిన ఒక యాప్ దారితప్పితే పశ్చిమ తీరపు నెట్‌వర్క్ మొత్తం కూలిపోయే పరిస్థితి రాకూడదన్నది ఆయన మాటల సారాంశం.

ఈ భయం ఎంతవరకు సహేతుకం? అప్పటికే నోకియా సింబియన్ ఫోన్లలో, పామ్, విండోస్ మొబైల్ పరికరాలలో వేలాది తృతీయపక్ష యాప్‌లు పనిచేస్తూనే ఉన్నాయి. వాటివల్ల నెట్‌వర్క్‌లేవీ కూలిపోలేదు. అయితే ఆ భయాన్ని పూర్తిగా కొట్టిపారేయడానికీ వీలులేదు. తరువాతి రెండు మూడేళ్ళలో నెట్‌వర్క్‌లు నిజంగానే తడబడ్డాయి. కాని ఆ తడబాటుకు కారణం మొదట ఊహించినది కాదు.

2. పరిభాష:

ఫోన్ తయారీదారు మొదటి పక్షం, దాన్ని కొన్న వినియోగదారు రెండో పక్షం అనుకుంటే, ఈ ఇద్దరికీ చెందని మూడోవారు రాసిన యాప్ తృతీయపక్ష యాప్ అవుతుంది. వాడుకలో థర్డ్ పార్టీ యాప్ అంటున్నది దీన్నే. ఈ సంబంధంలో నాలుగో పాత్రధారి కూడా ఉన్నాడు. అతడు టవర్లకూ తరంగాలకూ యజమాని అయిన సేవాసంస్థ. తొలి ఐఫోన్ విషయంలో అమెరికాలో ఆ స్థానం ఏటీ అండ్ టీ ఒక్కదానిదే. యాప్‌ల చరిత్రను తయారీదారు, ప్రోగ్రామర్ల మధ్య వ్యవహారంగా మాత్రమే చూస్తే ఈ నాలుగో పాత్ర మరుగున పడిపోతుంది.

3. ‘వేగం’ – మూడు అర్థాలు:

3.1 ప్రకటిత వేగం: తొలి ఐఫోన్‌లో 3జి లేదు. ఎడ్జ్, వైఫై మాత్రమే ఉన్నాయి. జీఎస్ఎం పద్ధతిలో 200 కిలోహెర్ట్‌జ్ వెడల్పు గల ఒక్కో తరంగమార్గాన్ని కాలపరంగా 8 భాగాలుగా పంచుతారు. ఎడ్జ్‌లో ఒక్కో భాగం సెకనుకు గరిష్ఠంగా 59.2 కిలోబిట్లు మోయగలదు. ఫోన్‌కు నాలుగు భాగాలు దక్కితే అది 236.8 కిలోబిట్లు అవుతుంది. 2008 జూలై 11న వచ్చిన ఐఫోన్ 3జి నమూనాకు ప్రకటిత గరిష్ఠవేగం 3.6 మెగాబిట్లు. ఆనాటి వైఫై ‘జి’ ప్రమాణానికి 54 మెగాబిట్లు. 10 మెగాబైట్ల యాప్ ఒకటి దిగుమతి కావడానికి ఈ లెక్కన ఎడ్జ్‌లో దాదాపు 338 సెకన్లు, 3జిలో 22 సెకన్లు, వైఫైలో సెకనున్నర పట్టాలి. అయితే ఇవి కాగితం మీది అంకెలు.

3.2 పంచుకున్న వేగం: టవర్ సామర్థ్యం ఒక్కరిది కాదు. ఆ పరిధిలో ఆ క్షణాన ఉన్నవారందరూ దాన్ని పంచుకోవాలి. చెరువు నిండుగా ఉన్నా తూము ఒక్కటే అయినప్పుడు చివరి మడికి ఎంత నీరు చేరుతుందన్నది పై మళ్ళవారి వాడకంపై ఆధారపడుతుంది. నెట్‌వర్క్ విషయమూ అంతే. టవర్‌కు దూరం పెరిగేకొద్దీ సంకేతం బలహీనపడి, ఎడ్జ్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. కాల్స్ ఎక్కువైతే డేటాకు దక్కే కాలభాగాలు కూడా తగ్గుతాయి.

3.3 అనుభవవేగం: వేలు తాకించిన క్షణం నుంచి తెరపై ఫలితం కనిపించే దాకా పట్టే సమయమే వినియోగదారుకు తెలిసిన వేగం. ఇందులో ప్రవాహసామర్థ్యం కన్నా జాప్యం పాత్ర ఎక్కువ. ఉదాహరణకు ఒక సందేశం సర్వర్‌కు పోయి రావడానికి 600 మిల్లీసెకన్లు పడుతుందనుకుందాం. ఒక యాప్ 3 కిలోబైట్ల చొప్పున 20 చిన్న బొమ్మలను తెచ్చుకోవాలి. మొత్తం 60 కిలోబైట్లు, అంటే 480 కిలోబిట్లు. ఎడ్జ్ గరిష్ఠవేగంలో ఇది రెండు సెకన్ల పని. కాని ప్రతి బొమ్మకూ కొత్తగా కనెక్షన్ తెరిస్తే, తెరవడానికి ఒక రాకపోక, బొమ్మ అడిగి తెచ్చుకోవడానికి మరొకటి అవసరం. నాలుగేసి చొప్పున తెచ్చుకున్నా ఐదు విడతలు, విడతకు 1.2 సెకన్లు, మొత్తం 6 సెకన్లు. ప్రవాహసామర్థ్యాన్ని రెట్టింపు చేసినా ఈ నిరీక్షణ తగ్గదు. ఆ 20 బొమ్మలను ఒకే మూటగా కట్టి పంపితే చాలావరకు తగ్గుతుంది. అంటే అనుభవవేగంలో కొంత భాగం టవర్ చేతిలో కాక ప్రోగ్రామర్ చేతిలో ఉంది.

దీనికి ఫోన్ శక్తి కూడా తోడవుతుంది. మొదటి రెండు ఐఫోన్ నమూనాలలో ప్రాసెసర్ వేగం 412 మెగాహెర్ట్‌జ్, జ్ఞాపకం 128 మెగాబైట్లు. వైఫై ఎంత వేగంగా ఉన్నా పేజీని విప్పి తెరపై పేర్చడానికి ఆ ప్రాసెసర్ తన సమయం తాను తీసుకునేది.

4. ద్వారం తెరుచుకున్న క్రమం:

2007 జూన్‌లో యాపిల్ ప్రోగ్రామర్లకు చూపిన మార్గం వెబ్ యాప్. అంటే బ్రౌజర్‌లో తెరుచుకునే పేజీనే యాప్‌గా వాడుకోవడం. ఎడ్జ్ జాప్యం దృష్ట్యా ఇది ప్రతికూలమైన ఏర్పాటు. ఫోన్‌లో నిలిచి ఉండే యాప్ కొత్త సమాచారాన్ని మాత్రమే తెచ్చుకుంటుంది. వెబ్ యాప్ తన రూపురేఖలను కూడా తరచుగా నెట్‌వర్క్ నుంచే తెచ్చుకోవలసి వస్తుంది. నెట్‌వర్క్‌ను కాపాడాలన్న ఉద్దేశంతో పెట్టిన నిషేధం ఆ నెట్‌వర్క్‌పైనే ఎక్కువ ఆధారపడేలా చేసిందన్నమాట. 2007 అక్టోబరులో యాపిల్ తన వైఖరి మార్చుకుంది. 2008 మార్చి 6న ప్రోగ్రామర్లకు కావలసిన సాధనసామగ్రిని విడుదల చేసింది. 2008 జూలై 10న సుమారు 500 యాప్‌లతో యాప్ స్టోర్ ప్రారంభమైంది. అదే ఏడాది అక్టోబరులో అమెరికాలో తొలి ఆండ్రాయిడ్ ఫోన్ జీ1 మార్కెట్లోకి వచ్చింది.

భారతదేశంలో ఐఫోన్ 3జి 2008 ఆగస్టు 22న ఎయిర్‌టెల్, వొడాఫోన్ సంస్థల ద్వారా విడుదలైంది. అప్పటికి ఆ రెండు సంస్థల వద్దా 3జి తరంగాలు లేవు. 3జి వేలం 2010 ఏప్రిల్–మే నెలల్లో జరిగింది. అందువల్ల పేరులో 3జి ఉన్న ఆ ఫోన్ తెలుగునాట రెండేళ్ళకు పైగా ప్రధానంగా 2జి నెట్‌వర్క్‌పైనే పనిచేసింది.

5. భారం – రెండు రూపాలు:

5.1 పరిమాణభారం: వీడియో, సంగీతం వంటివి మోసుకొచ్చే బిట్ల రాశి ఇది. స్మార్ట్‌ఫోన్ వినియోగదారులలో 3 శాతం మంది 40 శాతం డేటాను వాడుతున్నారని ఏటీ అండ్ టీ 2009 డిసెంబరులో ప్రకటించింది. 2010 జూన్‌లో కొత్త వినియోగదారులకు అపరిమిత డేటాను నిలిపివేసి, 15 డాలర్లకు 200 మెగాబైట్లు, 25 డాలర్లకు 2 గిగాబైట్లు అనే పథకాలు తెచ్చింది.

5.2 సిగ్నలింగ్ భారం: ఇది కంటికి కనిపించనిది. 3జి ఫోన్ ఎల్లప్పుడూ డేటా మార్గాన్ని పట్టుకుని ఉండదు. అవసరమైనప్పుడు టవర్‌తో పలు నియంత్రణ సందేశాలు ఇచ్చిపుచ్చుకుని మార్గాన్ని పొందుతుంది. పని ముగిశాక విడిచిపెడుతుంది. ఒక యాప్ ఐదు నిమిషాలకోసారి కొత్త సందేశముందా అని అడిగితే రోజుకు 288 సార్లు ఈ తంతు జరగాలి. అడిగిన ప్రతిసారీ 500 బైట్లే కదిలినా, రోజు మొత్తానికి అది 144 కిలోబైట్లే. పరిమాణం లెక్కలో ఇది ఒక ఛాయాచిత్రంతో సమానం. సిగ్నలింగ్ లెక్కలో మాత్రం 288 సార్లు మార్గం వేయడం, తీయడం. ఇలాంటి యాప్‌లు అయిదు ఉండి, ఒక్కొక్కటి విడివిడిగా అడిగితే ఆ సంఖ్య 1,440. పైగా బ్యాటరీ ఆదాకోసం నాటి స్మార్ట్‌ఫోన్లు మార్గాన్ని తొందరగా వదిలేసేవి. దాంతో మళ్ళీ మళ్ళీ అడగవలసి వచ్చేది.

కాబట్టి జాబ్స్ వ్యక్తం చేసిన భయాన్ని ఇక్కడ సవరించి చెప్పుకోవాలి. ఫోన్‌లో యాప్‌లను నడిపే ప్రాసెసర్ వేరు, రేడియోను నడిపే ప్రాసెసర్ వేరు. మామూలు యాప్ నేరుగా రేడియోను శాసించలేదు కనుక చెడ్డ యాప్ ఒక్కటి నెట్‌వర్క్‌ను కూల్చడమన్నది దాదాపు అసంభవం. కాని మంచి యాప్‌లే లక్షలాది ఫోన్లలో ఒకదానితో ఒకటి పొత్తు లేకుండా పలకరిస్తూ ఉంటే నెట్‌వర్క్ నియంత్రణ వ్యవస్థ అలసిపోతుంది.

దీనికి పరిష్కారం నిషేధం కాదు, క్రమబద్ధీకరణ. 2009 జూన్‌లో ఐఫోన్‌కు వచ్చిన పుష్ నోటిఫికేషన్ ఏర్పాటు ఇందుకు ఉదాహరణ. ప్రతి యాప్ తన సర్వర్‌ను తాను అడగడానికి బదులు, అన్నింటి తరఫునా ఒకే కనెక్షన్ తెరిచి ఉంటుంది. ఊరి ఉత్తరాలన్నీ ఒకే తపాలా సంచిలో రావడం వంటిది ఇది.

6. నిషేధాల తర్కం:

స్కైప్ యాప్ 2009 మార్చి 31న ఐఫోన్‌కు వచ్చింది. అమెరికాలో వైఫైపై మాత్రమే దాని ద్వారా మాట్లాడగలిగేవారు, 3జిపై వీలులేదు. రద్దీయే ఇందుకు కారణమా? జీ.729 అనే ధ్వనిసంకోచ పద్ధతిలో సెకనుకు 50 పొట్లాలు పోతాయి. ఒక్కొక్క దానిలో 20 బైట్ల మాట, 40 బైట్ల చిరునామా సమాచారం ఉంటాయి. మొత్తం 60 బైట్లను 50తో హెచ్చిస్తే 3,000 బైట్లు, అనగా ఒక్కో దిశలో 24 కిలోబిట్లు. అదే ఫోన్‌లో తయారీదారు అమర్చిన యూట్యూబ్ యాప్ ఇంతకన్నా ఎన్నో రెట్ల వీడియోను 3జిపై నిరాటంకంగా తెచ్చుకునేది. బరువైనదాన్ని అనుమతించి తేలికైనదాన్ని ఆపడానికి రద్దీ ఒక్కటే కారణం కాజాలదు.

2009 జూలైలో గూగుల్ వాయిస్ యాప్ యాప్ స్టోర్‌లోకి రాకపోవడంపై అమెరికా సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ యాపిల్, ఏటీ అండ్ టీ, గూగుల్ సంస్థలను వివరణ కోరింది. ఆగస్టులో ఇచ్చిన సమాధానంలో, తన అనుమతి లేకుండా తన నెట్‌వర్క్‌పై ఇంటర్నెట్ కాల్స్‌కు యాపిల్ తోడ్పడకూడదన్న ఒప్పందం ఉందని ఏటీ అండ్ టీ అంగీకరించింది. ఫోన్ ధరలో తాను భరిస్తున్న రాయితీని అందుకు నేపథ్యంగా చూపింది. అక్టోబరు 6న ఆ ఆంక్షను తొలగిస్తున్నట్లు ప్రకటించింది.

స్లింగ్‌ప్లేయర్ వంటి టీవీ ప్రసార యాప్‌పై 2009లో పెట్టిన ఇలాంటి ఆంక్షకు మాత్రం సాంకేతిక పునాది కొంత ఉంది, ఎందుకంటే అది నిజంగానే పరిమాణభారం. 2010 ఫిబ్రవరిలో దాన్ని కూడా సడలించారు. ఆ యాప్‌ను నెట్‌వర్క్‌కు అనుకూలంగా మార్చడం అందుకు దారితీసింది. ఈ రెండు ఉదంతాలనూ ఒకే గాటన కట్టకూడదు.

7. వేగాన్ని పెంచిన తృతీయపక్ష యాప్:

నార్వేకు చెందిన ఒపెరా సంస్థ రూపొందించిన ఒపెరా మినీ బ్రౌజర్ 2006 నాటికే జావా ఫోన్లలో ప్రపంచమంతటా అందుబాటులో ఉంది. ఫోన్ అడిగిన పేజీని మొదట ఆ సంస్థ సర్వర్లు తెచ్చుకుని, కుదించి, ఒకే ప్రవాహంగా పంపేవి. పేజీ పరిమాణం పదోవంతుకు తగ్గే సందర్భాలు ఉండేవి. పైన 3.3లో చెప్పిన రాకపోకల జాప్యం కూడా తగ్గేది. జీపీఆర్‌ఎస్‌పై ఆధారపడిన భారతీయ వినియోగదారులు దీన్ని విస్తృతంగా వాడారు.

తెలుగు పాఠకులకు దీనితో మరో బంధం ఉంది. తెలుగు ఖతులు లేని ఫోన్లలో తెలుగు పేజీలు డబ్బాలుగా కనిపించేవి. ఒపెరా మినీ అమరికలలో సంక్లిష్ట లిపులను బొమ్మలుగా చూపే ఐచ్ఛికం ఒకటి ఉండేది. దాన్ని ఎంచుకుంటే సర్వర్ తెలుగు అక్షరాలను బొమ్మలుగా గీసి పంపేది. ఇందుకు చెల్లించవలసిన మూల్యం వేగమే. యూటీఎఫ్–8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు. ‘తెలుగు’ అన్న మాటలో 6 సంకేతాలు, అంటే 18 బైట్లు. అదే మాట బొమ్మగా వస్తే ఇంకా పెరుగుతుంది. అయినా చదవలేని వేగవంతమైన పేజీ కన్నా చదవగలిగిన నిదానపు పేజీ మేలు. తయారీదారు తీర్చని భాషావసరాన్ని ఒక తృతీయపక్ష యాప్ తీర్చిందన్నది ఇక్కడ గ్రహించవలసిన విషయం.

8. కొలిచే అధికారం:

వేగాన్ని ప్రకటించేది సేవాసంస్థ, అనుభవించేది వినియోగదారు. ఈ రెంటి మధ్య దూరాన్ని కొలిచే సాధనాన్ని కూడా తృతీయపక్ష యాప్‌లే అందించాయి. 2010 మార్చిలో ఎఫ్‌సీసీ స్వయంగా ఐఫోన్, ఆండ్రాయిడ్‌లకు వేగపరీక్ష యాప్‌ను విడుదల చేసింది. మనదేశంలో ట్రాయ్ 2016లో మైస్పీడ్ యాప్‌ను తెచ్చింది. అయితే ఈ పరీక్షలు ప్రధానంగా పంచుకున్న వేగాన్ని ఆ క్షణానికి కొలుస్తాయి. పరీక్షాసర్వర్ ఎంత దూరంలో ఉంది, ఎన్ని కనెక్షన్లు ఒకేసారి తెరిచారు అన్నదాన్నిబట్టి ఫలితం మారుతుంది. పరిశోధకులు ఇలాంటి గణాంకాలను వాడేటప్పుడు అంకెతోపాటు కొలిచిన విధానాన్ని కూడా పేర్కొనడం అవసరం.

9. ముగింపు:

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు ఇవి.

● యాప్‌ల వల్ల నెట్‌వర్క్‌కు కలిగే భారం వాస్తవమే. అది పరిమాణరూపంలోనూ, అంతకన్నా సూక్ష్మంగా సిగ్నలింగ్ రూపంలోనూ ఉంటుంది.

● ఆ భారం యాప్ ఎవరు రాశారన్నదాన్నిబట్టి కాక, ఎలా రాశారన్నదాన్నిబట్టి ఉంటుంది. సొంత యూట్యూబ్ కన్నా పరాయి స్కైప్ తేలిక. ఒపెరా మినీ అయితే భారాన్ని తగ్గించింది కూడా.

● రద్దీ పేరిట విధించిన ఆంక్షలలో కొన్నింటికి సాంకేతిక ఆధారం ఉంది, కొన్నింటికి వాణిజ్య ప్రయోజనమే ఆధారం. ప్రతి ఆంక్షనూ బిట్ల లెక్కతో విడివిడిగా పరీక్షిస్తేనే ఈ తేడా బయటపడుతుంది.

నెట్‌వర్క్ ఎవరిపట్లా వివక్ష చూపకూడదన్న నేటి చర్చకు మూలాలు ఆ తొలి స్మార్ట్‌ఫోన్ల కాలంలోనే ఉన్నాయి. ఆనాటి అంకెలు నేడు చిన్నవిగా కనిపించవచ్చు. కాని ‘నెట్‌వర్క్ తట్టుకోలేదు’ అన్న మాట వినిపించినప్పుడు ఏ భారాన్ని, ఏ యాప్ వల్ల, ఎంత మేరకు అని అడగవలసిన అవసరం మాత్రం మారలేదు.