మీకు తెలుసా? ఖేడ్ తండాల్లో గోధుమ నారు చుట్టూ ఆట

నారాయణఖేడ్ చుట్టుపక్కల లంబాడ తండాల్లో శ్రావణంలో పెళ్లికాని ఆడపిల్లలు తొమ్మిది రోజులు ఆడేది గోధుమ మొలకల చుట్టూ. ఆ పండుగ పేరు తీజ్. బుట్టల్లో పుట్టమన్ను, మేకల ఎరువు కలిపి నింపి, నానబెట్టిన గోధుమలు చల్లి మంచె మీద పెడతారు. రోజూ నీళ్లు పోయాలి. పోసినప్పుడల్లా పాట, పాట వెంట ఆట. నడుం వంచి ఒక చప్పట, లేచి ఒక అడుగు, మళ్లీ వంగడం. ఫేటియా అనే పావడాకు కుట్టిన అద్దాలు ఎండకు మెరుస్తుంటే, కాళ్ల కడియాలే తాళం వేస్తాయి. నారు పచ్చగా, ఏపుగా వస్తే మంచి మొగుడు దొరుకుతాడని నమ్మకం. అందుకేనేమో, ఎవరి బుట్ట ఎంత ఎదిగిందో అని పక్కచూపులు తప్పవు!

విత్తనం చల్లిన సాయంత్రమే ఒక సరదా ఉంది. దాన్ని ‘బోరడి ఝష్కేరో’ అంటారు. బోరడి అంటే రేగు. ఆడపిల్లలు రేగుముళ్లకు నానిన శనగలు గుచ్చుతుంటే, బావ వరసయ్యేవాళ్లు కొమ్మను ఊపుతూ ఏడిపిస్తారు. ముల్లు దిగినా విసుక్కోకూడదు. అత్తారింట్లో కావాల్సిన ఓర్పుకు ఇది పరీక్ష అంటారు పెద్దలు. ఆ పరీక్ష మగపిల్లలకు ఎందుకు లేదో మాత్రం ఎవరూ అడగరు.

ఏడో రోజు ఢమోళి: రొట్టెలు, బెల్లం కలిపి ముద్ద చేసిన చుర్మోను మేరామ భవాని దేవతకు నైవేద్యం పెడతారు. చివరి రోజు మొలకలను తుంచి అన్నదమ్ముల తలపాగాల్లో దోపి, మిగతాది చెరువులోనో వాగులోనో కలుపుతారు. అప్పటిదాకా ఆడిపాడిన పిల్లలు అక్కడ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తారు.

1956 దాకా నారాయణఖేడ్ బీదర్ జిల్లాలో తాలూకా. రాష్ట్రాల పునర్విభజనతో మెదక్‌లో కలిసింది, 2016లో సంగారెడ్డి జిల్లాకు వచ్చింది. సరిహద్దు గీత మారినా ఆట మారలేదు. మారింది కాగితమే: లంబాడాలు తెలంగాణలో ఎస్టీలు, కర్ణాటకలో ఎస్సీలు, మహారాష్ట్రలో విముక్త జాతులు. లిపి లేని వాళ్ల భాష గోర్ బోలీని రాయాలంటే ఇక్కడ తెలుగు అక్షరాలు, ఆవల కన్నడం, ఇంకాస్త దూరం పోతే దేవనాగరి.

తీజ్‌లాగే ఖేడ్ ఊళ్లో బతుకమ్మకూ తొమ్మిది రోజులే, చివరికి నీళ్లే. దానికీ చప్పట్లే వాయిద్యం.

హోలీకి తండా ఆట ‘లేంగి’. ఆడవాళ్లొక జట్టు, మగవాళ్లొక జట్టు. పాటకు పాటే జవాబు. ఆ ఏడాది మగబిడ్డ పుట్టిన ఇంట్లో ‘ధూండ్’ అనే వేడుక చేస్తారు. ఆ రోజు తండా అంతా ఆ గుమ్మం ముందే.