కలప పెట్టడానికి చోటు లేదా? చూరు కింద చూడండి

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రాత్రి ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు వరసపెట్టి నేలకొరిగాయి. మా పెరట్లో పనస మాను కూడా పడింది. పోతే పోయింది, రెండు గదులకు తలుపులు, కిటికీలు వస్తాయి కదా అని కోత మిల్లుకు తోలి పలకలు కోయించాం. తీరా ఇంటికి తెచ్చాక వాటిని పెట్టే చోటు లేదు. పశువుల శాల గోడకు నిలువునా వాల్చి, వాన పడకుండా టార్పాలిన్ బిగించి కప్పేశాం. సంక్రాంతికి విప్పి చూస్తే పలకలకు బూజు, గోడ వైపు చెదల మట్టి బాటలు! మిగిలిన నాలుగూ విల్లులా వంగిపోయాయి. వడ్రంగి వాటిని చూసి మాట్లాడకుండా పక్కన పెట్టేశాడు. చివరికి పొయ్యిలోకి పోయాయి.

సెంటు, రెండు సెంట్ల ఇంటి స్థలంలో పశువులు, ధాన్యం, ఎరువుల బస్తాలు అన్నీ సర్దుకునే చిన్న రైతుకు కలప దాచడం పెద్ద చిక్కే. అలాగని పెరట్లో పెరిగిన వేపనో, తుమ్మనో పచ్చిగా ఉన్నప్పుడే వచ్చిన రేటుకు అమ్మేసి, ఇల్లు కట్టే ఏడు అదే కలపను డిపోలో కొనుక్కోవడం ఎంత నష్టమో చెప్పక్కర్లేదు. నిజానికి కలపకు కావలసింది విశాలమైన చోటు కాదు. నీడ, గాలి, నేల తగలని ఎత్తు. ఈ మూడూ ఉంటే ఇరుకు ఇంట్లో కూడా నిలవ చేసుకోవచ్చు.

దుంగగా ఉంచకండి

దుంగ చోటు ఎక్కువ తింటుంది, ఆరడం ఆలస్యం, బెరడు కింద పురుగు చేరుతుంది. మామిడి, కొబ్బరి అయితే మరీ తొందరగా పాడవుతాయి. వీలైనంత త్వరగా కోయించాలి. కొబ్బరి మానులో గట్టి చెక్క అంచు భాగంలోనే ఉంటుంది. నడిమి మెత్తటి భాగాన్ని దాచుకోవడం చోటు దండగ. వేప, తుమ్మ, పనసల్లో కూడా చేవ ఉన్న భాగమే నిలుస్తుంది, తెల్ల చెక్కకు పుప్పి ముందు పడుతుంది. వెంటనే కోయించే వీలు లేకపోతే బెరడు వలిచి, రెండు కొసలకూ పాత రంగో, తారో, కరిగించిన మైనమో దట్టంగా పూయాలి. నీరు కొసల నుంచే తొందరగా ఆరిపోతుంది కాబట్టి పగుళ్ళు అక్కడే మొదలవుతాయి. కోసిన పలకలకు కూడా ఇదే పని చేయాలి. చెట్టు కొట్టే ముందు, కలప బండి ఎక్కించే ముందు అటవీ శాఖ సిబ్బందిని అడగడం మరవొద్దు. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం కింద అనుమతి కావలసిన చెట్లు ఉన్నాయి.

పేర్చే తీరు

ఆరడుగుల పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం పలకలు పది ఉన్నాయనుకుందాం. ఒక్కో పలకకీ మధ్య అంగుళం మందం అడ్డ బద్దలు పెట్టి పేర్చితే ఎత్తు అడుగున్నర పైచిలుకే. వెడల్పు అడుగు. ఇంటి ఉత్తరం వైపు చూరు కింద ఈ చోటు చాలా ఇళ్ళలో ఖాళీగానే ఉంటుంది, మనమే విరిగిన బుట్టలూ పాత టైర్లూ పడేస్తుంటాం.

ముందు అడుగున్నర ఎత్తున రాళ్ళో, సిమెంటు దిమ్మెలో పెట్టి వాటి మీద దూలాలు వేయాలి. గోడకీ పేర్పుకీ మధ్య జానెడు ఖాళీ వదలాలి. అడ్డ బద్దలు రెండడుగులకొకటి చొప్పున, కింది నుంచి పైదాకా ఒకదాని మీద ఒకటి నిలువు వరసలో రావాలి. బద్దలు అటూ ఇటూ జరిగితే పలక అక్కడే వంగుతుంది. మా ఇంట్లో జరిగిన పొరపాటు కూడా ఇలాంటిదే, వాల్చిన పలకకు మధ్యలో ఆధారం లేదు. బద్దలు ఎండినవై ఉండాలి, పచ్చివి పెడితే మచ్చ పడుతుంది. పైన రెండు మూడు రాళ్ళు బరువు పెట్టి, ఆపైన రేకు వాలుగా కప్పాలి. పక్కలు మూయకూడదు. టార్పాలిన్ చుట్టేస్తే లోపల ఆవిరి పట్టి బూజు వస్తుంది.

చూరు కింద కూడా చోటు లేకపోతే ఇటుక గోడకు ఇనుప కొయ్యలు మూడు దింపి వాటి మీద పేర్చవచ్చు. మట్టి గోడ ఈ బరువు ఆపదు. పది పచ్చి పలకలు క్వింటా దాకా తూగుతాయి. అందుకే అటక మీదకు కూడా పచ్చివి ఎక్కించకండి, ఆరి తేలికయ్యాక సర్దండి. వెనకటి రోజుల్లో పొయ్యి మీది అటకపై వెదురు, నాగలి కర్ర దాచేవారు, పొగకు పురుగు చేరదని. ఇప్పుడు గ్యాసు పొయ్యిలు వచ్చి ఆ పొగ లేదు. సిమెంటు గచ్చు ఉంటే మంచం కింద కూడా నాలుగైదు పలకలు పడతాయి.

చెదలు, పుప్పి

పదిహేను రోజులకొకసారి కింది రాళ్ళను చూడాలి. మట్టి బాట కనిపిస్తే గీకేసి, రాళ్ళ చుట్టూ వాడేసిన ఇంజను ఆయిలు పోయాలి. ఒకప్పుడు బి.హెచ్.సి. పొడి చల్లేవారు. అది 1997 నుంచి నిషేధం, ఎక్కడైనా పాత డబ్బా మిగిలి ఉన్నా వాడకండి. పలకల కింద పిండిలాంటి పొడి రాలితే పుప్పి పురుగు ఉన్నట్టే. ఆ పలకను వెంటనే విడదీయాలి. బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్ళు పట్టిస్తే పురుగును ఆపుతాయి, కానీ వానకు తడిసే చోట ఈ మందు కడుక్కుపోతుంది. వెదురు, సరుగుడు గుంజలను కొన్ని వారాలు చెరువు నీళ్ళలో నానబెట్టి తీసే పాత పద్ధతి మంచిదే, పిండి పదార్థం కొంత నీళ్ళలోకి పోయి పురుగు తగ్గుతుంది.

ఎప్పటికి ఆరిందో తెలిసేదెలా? పచ్చి పలక బరువులో మూడో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ నీళ్ళే ఉంటాయి. పేర్చేటప్పుడే ఒక చిన్న ముక్క పలకను కొసలకు రంగు పూసి మధ్య వరసలో ఉంచండి. నెలకొకసారి కిరాణా కాటా మీద తూచి, ఆ అంకె గోడ మీద సుద్దతో రాసుకోండి. మొదట్లో బాగా తగ్గుతూ వస్తుంది. వరసగా రెండు మూడు నెలలు అదే తూకం వస్తే ఆరినట్టు. వానాకాలంలో మళ్ళీ కాస్త పెరుగుతుంది, కంగారు పడకండి. మందం రెండంగుళాలైతే పట్టే కాలం రెట్టింపు కంటే ఎక్కువే. దర్వాజాలకు ఉంచిన మందపాటి చెక్కలను అందుకే అన్నిటికంటే పైన పేర్చకుండా అడుగున పెట్టండి, ముందుగా ఆరే పలకలు పైనుంచి తీసుకోవచ్చు.