సొట్టపడిన అల్యూమినియం విమాన ఇంధన ట్యాంకు: మరమ్మతు, వెల్డింగ్, పరీక్ష

చిన్న విమానాల ఇంధన ట్యాంకులు చాలావరకు పలుచని అల్యూమినియం రేకుతో తయారవుతాయి. బయటికి తీసేటప్పుడో తిరిగి బిగించేటప్పుడో వీటికి సొట్టలు పడటం సాధారణం. ప్రతి సొట్టకూ వెల్డింగ్ అవసరం లేదు. లోతు తక్కువగా, అంచులు నునుపుగా, అతుకులకు దూరంగా ఉన్న సొట్ట వల్ల ట్యాంకు సామర్థ్యం కొద్దిగా తగ్గుతుంది, అంతే. తయారీదారు అనుమతించిన పరిమితిలో ఉంటే దానిని కదపకపోవడమే మేలు. మడతగీతలా పడిన సొట్ట సంగతి వేరు. అక్కడ లోహం గట్టిపడి సాగే గుణాన్ని కోల్పోతుంది. ఇంజను కంపనానికి ఆ గీత వెంటే పగులు మొదలవుతుంది.

రేకు ఏ మిశ్రలోహమో తెలియకుండా వెల్డింగ్ నిర్ణయం తీసుకోరాదు. 1100, 3003, 5052 రకాలు వెల్డింగ్‌కు అనుకూలం. విమాన నిర్మాణంలో విరివిగా వాడే 2024 రకాన్ని కరిగించి అతికితే, చల్లారే దశలోనే పగుళ్లు పడే స్వభావం ఎక్కువ. అటువంటి రేకుకు రివెట్లు, సీలెంటు పద్ధతే శరణ్యం.

ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటె ప్రమాదకరమన్నది వినడానికి వింతగానే ఉంటుంది. పెట్రోలు బాష్పం గాలిలో సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉన్నప్పుడే మండుతుంది. ఇంధనం తీసివేసిన ట్యాంకులో సరిగ్గా ఇటువంటి మిశ్రమమే ఏర్పడగలదు. వేడినీటితో కడిగి, నీటి ఆవిరి పంపి, బాష్పసూచిక పరికరంతో పరీక్షించిన తరువాత కూడా అతుకుల సందులలో ఇంధనం మిగిలి ఉండవచ్చు. వెల్డింగ్ వేడికి అది మళ్లీ బాష్పమవుతుంది. కనుక పని జరిగినంతసేపూ లోపలికి ఆర్గాన్ వంటి జడవాయువును పంపుతూ, ట్యాంకు మూతులను తెరిచి ఉంచుతారు.

అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. దానిపై ఉండే ఆక్సైడు పొర కరగడానికి రెండువేల డిగ్రీలు దాటాలి. పైగా కరిగే ముందు ఈ లోహం ఇనుములా ఎర్రబడదు; వెల్డరు చూస్తుండగానే రేకు జారిపోతుంది. ఏసీ విద్యుత్తుతో చేసే టిగ్ వెల్డింగ్‌లో ఆర్కే ఆక్సైడును ఛేదిస్తుంది. ఆక్సీ ఎసిటిలీన్ మంటతో చేసే పాత పద్ధతిలో ఆ పని ఫ్లక్స్ చేయాలి.

ఫ్లక్స్‌లోని క్లోరైడు లవణాలు అతుకులో మిగిలితే తేమతో కలసి రేకును తినివేస్తాయి. ఈరోజు చక్కగా కనిపించిన అతుకు కొంతకాలానికి కారడానికి తరచు ఇదే కారణం. అమెరికా ఫెడరల్ విమానయాన సంస్థ సలహాపత్రం ఎసి 43.13-1బి ఇందుకు కచ్చితమైన క్రమాన్ని సూచిస్తుంది. వెల్డింగ్ ముగిసిన వెంటనే ట్యాంకును లోపలా బయటా వేడినీటితో కడగాలి. 5 శాతం నైట్రిక్ లేదా సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని సుమారు గంటసేపు అతుకును తాకేలా ఉంచాలి. ఆపై మంచినీటితో కడగాలి. చివరి కడుగునీటిలో కొంత తీసుకొని ఆమ్లీకరించిన సిల్వర్ నైట్రేట్ ద్రావణం కలిపితే దట్టమైన తెల్లని అవక్షేపం ఏర్పడిందా, క్లోరైడు ఇంకా ఉన్నట్లే. మళ్లీ కడగవలసిందే. కళాశాల రసాయనశాలలో విద్యార్థులు చేసే క్లోరైడు పరీక్షే ఇక్కడ ఒక విమానం భద్రతను తేల్చుతుంది.

చివరిది పీడన పరీక్ష. గోడలకు విమాన నిర్మాణపు ఆధారం లేని లోహపు ట్యాంకులకు అమెరికా నిబంధనలలో కనిపించే ప్రమాణం చదరపు అంగుళానికి 3.5 పౌండ్లు. అంకె చిన్నదే, అయినా 50 సెంటీమీటర్ల చదరపు గోడపై అది సుమారు 600 కిలోల బరువుకు సమానమైన బలం. కంప్రెసర్ గాలిని నియంత్రణ లేకుండా వదిలి సొట్టను బయటికి ఉబ్బించాలని చూసేవారు ఈ లెక్కను గుర్తించరు. సొట్ట సరికాకముందే అతుకు విచ్చిపోవచ్చు. పీడనాన్ని క్రమంగా పెంచి, అతుకులపై సబ్బునీరు పూసి బుడగల కోసం గమనిస్తారు. కారుడు కనిపిస్తే పీడనం తీసివేసి, శుద్ధి మొదలుకొని మొత్తం క్రమాన్ని తిరిగి ఆరంభించాలి. అక్కడి నిబంధనలు ఇంధన ట్యాంకు మరమ్మతును ప్రధాన మరమ్మతుల జాబితాలో చేర్చాయి. కాబట్టి ఈ వివరాలన్నీ విమానం రికార్డులలో నమోదు కావాలి. అధికారం గల తనిఖీదారు ఆమోదించిన తరువాతే ఆ విమానం తిరిగి గాలిలోకి లేస్తుంది.