క్యాడెట్ పైలట్ సెలెక్షన్: ముందు మెడికల్, తర్వాత పరీక్షలు, ఆఖరున ఫీజు



2024 డిసెంబరులో మన మధురపూడి ఎయిర్‌పోర్టు నుంచి ముంబైకి, ఢిల్లీకి నేరుగా విమానాలు మొదలయ్యాయి. అంతకుముందు సంవత్సరమే ఎయిర్ ఇండియా 470 విమానాలకు, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు ఇచ్చాయి. ఇన్ని విమానాలు వస్తే వాటిని నడిపేవాళ్లూ కావాలి కదా! అందుకే పేరెంట్స్ మీటింగుల్లో ఈ మధ్య ఒక ప్రశ్న ఎక్కువగా వినిపిస్తోంది: "మా వాడు పైలట్ అవుతానంటున్నాడు మేడమ్, ఏం చదివించాలి? ఎంత అవుతుంది?"

ఈ దారిలో ఖర్చు సుమారు కోటి రూపాయల దాకా ఉంటుంది. కోనసీమలో కొబ్బరితోట అమ్మినా, భీమవరం వైపు చెరువులు తాకట్టు పెట్టినా, అది ఒక కుటుంబం ఎన్నో ఏళ్లు కష్టపడి సంపాదించుకున్న ఆస్తి. కాబట్టి ఏ పని ముందు చేయాలి, ఏది తర్వాత చేయాలి అన్న వరుస తెలిసి ఉండటం చాలా ముఖ్యం. ఆ వరుసనే ఇక్కడ వివరిస్తున్నాను.

క్యాడెట్ ప్రోగ్రామ్ అంటే ఏమిటి?

మన దేశంలో ఎయిర్‌లైన్ పైలట్ కావడానికి రెండు దారులు ఉన్నాయి.

మొదటిది సొంతంగా వెళ్లే దారి. ఫ్లయింగ్ స్కూల్లో చేరి, కమర్షియల్ పైలట్ లైసెన్స్ తెచ్చుకుని, ఆ తర్వాత ఉద్యోగం వెతుక్కోవాలి. హైదరాబాద్‌లోని తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ, ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో కేంద్ర ప్రభుత్వ ఆధ్వర్యంలో నడిచే ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ఇలాంటివే. ఉడాన్ అకాడమీలో సీటు రావాలంటే ఇంటర్ స్థాయి ఎంట్రన్స్ రాయాలి.

రెండోది క్యాడెట్ ప్రోగ్రామ్. ఇందులో ఎయిర్‌లైన్ ముందే అభ్యర్థిని ఎంపిక చేస్తుంది. తాను ఒప్పందం చేసుకున్న ఫ్లయింగ్ స్కూలుకు, మన దేశంలోనో విదేశంలోనో, పంపుతుంది. లైసెన్స్ వచ్చాక ఎయిర్‌బస్ ఎ320 లాంటి ఒక నిర్దిష్ట విమానం నడపడానికి ‘టైప్ రేటింగ్’ అనే శిక్షణ ఉంటుంది. అన్ని దశలూ దాటినవారిని జూనియర్ ఫస్ట్ ఆఫీసర్‌గా తీసుకుంటుంది. ఈ శిక్షణ ఖర్చు మాత్రం మామూలుగా కుటుంబమే భరించాలి.

ఏ దారిలో వెళ్లినా లైసెన్స్ ఇచ్చేది డీజీసీఏ, అంటే కేంద్ర పౌర విమానయాన డైరెక్టరేట్. లైసెన్సుకు కనీసం 18 ఏళ్లు నిండాలి. 200 గంటల ఫ్లయింగ్ పూర్తి చేయాలి. నావిగేషన్, వాతావరణ శాస్త్రం, ఎయిర్ రెగ్యులేషన్స్, విమాన సాంకేతిక అంశాలపై పరీక్షలు రాయాలి. ఒక్కో పేపర్లో పాస్ మార్కు 70 శాతం. 35 వస్తే గట్టెక్కే పరీక్షలు కావివి.

మొదటి మెట్టు: మెడికల్

చాలా ఇళ్లలో కోచింగ్‌తో మొదలుపెట్టి, లోన్ మాట్లాడుకుని, చివర్లో మెడికల్‌కి వెళ్తారు. దయచేసి ఈ వరుసను తిరగేయండి. ముందు డీజీసీఏ గుర్తించిన డాక్టరు దగ్గర క్లాస్ 2 మెడికల్, ఆ తర్వాత క్లాస్ 1 మెడికల్ చేయించాలి. కళ్లు, చెవులు, గుండె, రక్తం, మూత్రం, ఛాతీ ఎక్స్‌రే అన్నీ చూస్తారు. క్లాస్ 1 లేకుండా కమర్షియల్ లైసెన్స్ రాదు. లైసెన్స్ వచ్చాక కూడా ఉద్యోగంలో ఉన్నంతకాలం ఈ మెడికల్‌ని రెన్యువల్ చేయించుకుంటూనే ఉండాలి.

కళ్లద్దాలు ఉంటే పైలట్ కాలేరనే అపోహ మన దగ్గర బలంగా ఉంది. అద్దాలతో చూపు నిర్ణీత ప్రమాణానికి వస్తే పౌర విమానయానంలో అభ్యంతరం లేదు. ఎక్కువ జాగ్రత్త పడవలసింది రంగుల చూపు విషయంలో. కాక్‌పిట్‌లోని హెచ్చరికలు, రన్‌వే లైట్లు ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు రంగుల్లో ఉంటాయి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోవడం పుట్టుకతో వచ్చే లక్షణం, అబ్బాయిల్లో ఎక్కువ. చుక్కల్లో అంకె కనిపెట్టే ఇషిహారా పరీక్షను ఏ కంటి డాక్టరు దగ్గరైనా నిమిషాల్లో చేయించవచ్చు. 8వ తరగతిలోనే చేయిస్తే పిల్లవాడి ఆశ ముదరకముందే, మీ డబ్బు కదలకముందే సంగతి తెలుస్తుంది. అద్దాలు తీసేయించడానికి లేజర్ ఆపరేషన్ అనుకుంటుంటే మాత్రం ముందుగా డీజీసీఏ డాక్టరు సలహా తీసుకోండి.

చూపు అడ్డం వచ్చినంత మాత్రాన ఆకాశం దూరమైపోదు. గుంటూరు జిల్లా మూలాలున్న బండ్ల శిరీషకు కంటి చూపు కారణంగా పైలట్ దారి మూసుకుపోయింది. ఆమె ఏరోనాటికల్ ఇంజినీరింగ్ చదివి, 2021 జూలై 11న వర్జిన్ గెలాక్టిక్ వ్యోమనౌకలో అంతరిక్షపు అంచుదాకా వెళ్లివచ్చారు.

రెండో మెట్టు: చదువు, సర్టిఫికెట్లు

ఇంటర్‌లో ఎంపీసీ తీసుకోవడం క్షేమం. క్యాడెట్ ప్రోగ్రామ్‌లు సాధారణంగా ఫిజిక్స్, మ్యాథ్స్, ఇంగ్లిష్ మూడింటిలోనూ విడివిడిగా కనీస మార్కులు అడుగుతాయి. మన పిల్లలు ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ మీద చూపే శ్రద్ధలో సగం కూడా ఇంగ్లిష్ పేపరు మీద చూపరు. "పాస్ అయితే చాలు" అనే మాట ఈ ఒక్క విషయంలో పనికిరాదు. బైపీసీ చదివినవారు ఓపెన్ స్కూల్, అంటే ఎన్ఐఓఎస్ ద్వారా ఫిజిక్స్, మ్యాథ్స్ విడిగా రాసుకునే వీలుంది.

మన ప్రాంతంలో మరో చిక్కు ఇంటిపేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో ముందుది వెనక్కి పోతుంది. డీజీసీఏ పరీక్షలకు, మెడికల్‌కు, విదేశీ శిక్షణకు అన్నిటిలో పేరు, పుట్టినతేదీ ఒకేలా ఉండాలి. పదో తరగతి నామినల్ రోల్స్ పంపే సమయంలో స్పెల్లింగ్ సరిచూసుకోమని మేము పదేపదే చెప్పేది ఇలాంటి అవసరాల కోసమే.

మూడో మెట్టు: సెలెక్షన్‌లో ఏం చూస్తారు?

ఎయిర్‌లైన్‌ను బట్టి పేర్లు, వరుస మారినా దశలు దాదాపు ఇవే.

రాత పరీక్ష: ఇంటర్ స్థాయి మ్యాథ్స్, ఫిజిక్స్, ఇంగ్లిష్. జేఈఈ అంత లోతు ఉండదు, వేగం కావాలి.

ఆప్టిట్యూడ్ పరీక్ష: కంప్యూటర్ ముందు జాయ్‌స్టిక్‌తో ఒక గుర్తును కదలకుండా పట్టుకుంటూనే, చెవిలో వినిపించే అంకెలు గుర్తుపెట్టుకోవాలి, మధ్యలో వచ్చే లెక్కకు జవాబివ్వాలి. చేయి, కన్ను, చెవి, బుర్ర కలిసి పనిచేస్తున్నాయా అన్నది చూస్తారు. వ్యక్తిత్వానికి సంబంధించిన ప్రశ్నావళి కూడా ఉంటుంది. ఇందులో బట్టీ పట్టిన "మంచి జవాబులు" రాస్తే ఒకదానికొకటి పొసగక దొరికిపోతారు.

గ్రూప్ టాస్క్: నలుగురైదుగురికి ఒక సమస్య ఇచ్చి పరిష్కరించమంటారు. గట్టిగా మాట్లాడినవాడికే మార్కులు అనుకోవద్దు. కాక్‌పిట్‌లో ఇద్దరు పైలట్లు ఉంటారు. కెప్టెన్ పొరబడితే ఫస్ట్ ఆఫీసర్ మర్యాదగానే అయినా స్పష్టంగా చెప్పగలగాలి, కెప్టెన్ వినగలగాలి. ఆ గుణం ఉందా అని చూస్తారు.

ఇంటర్వ్యూ: పైలట్ ఎందుకు కావాలనుకుంటున్నావు, ఈ ఎయిర్‌లైన్‌ గురించి ఏం తెలుసు, ఓడిపోయినప్పుడు ఏం చేశావు లాంటి ప్రశ్నలు. "నాన్నగారు చెప్పారు" అనే జవాబుతో ఇంటర్వ్యూ అక్కడే ముగిసినట్టు లెక్క. కోరిక పిల్లలదే అయి ఉండాలి.

ఇంట్లో చేయగలిగిన సాధన

నోటి లెక్కలు: కాలిక్యులేటర్ లేకుండా రోజూ పది నిమిషాలు. "గంటకు 480 కిలోమీటర్లు వెళ్లే విమానం 20 నిమిషాల్లో ఎంత దూరం వెళ్తుంది?" జవాబు 160. మరొకటి: విమానం ఎంత ఎత్తులో ఉందో, ఆ వేల అడుగుల అంకెను 3తో గుణిస్తే అన్ని నాటికల్ మైళ్ల ముందు నుంచి కిందికి దిగడం మొదలుపెట్టాలన్నది పైలట్ల ఉజ్జాయింపు లెక్క. 18 వేల అడుగుల ఎత్తులో ఉంటే 54 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 100 కిలోమీటర్లు. కాగితం లేకుండా చెప్పగలగాలి.

దిక్కులు: రాజమండ్రి నుంచి రోడ్ కమ్ రైల్ వంతెన మీద కొవ్వూరు వెళ్తున్నప్పుడు అడగండి: "మనం దాదాపు పడమరకు, అంటే 270 డిగ్రీల దిశలో వెళ్తున్నాం. ఎడమకు 90 డిగ్రీలు తిరిగితే ఏ దిశ?" జవాబు 180, దక్షిణం. "వెనక్కి తిరిగితే?" 90, తూర్పు. కారులో జీపీఎస్ ఆపేసి, అమలాపురం వరకు దారి పిల్లల్నే చెప్పమనండి.

విన్నది తిరిగి చెప్పడం: కంట్రోల్ టవర్ నుంచి వచ్చిన ఆదేశాన్ని పైలట్ మళ్లీ పలికి నిర్ధారిస్తాడు. ఇంట్లో కూడా నాలుగు పనులు ఒకేసారి చెప్పి, అదే వరుసలో తిరిగి చెప్పించండి. ఒక ఫోన్ నంబరు చెప్పి, చివరి నుంచి మొదటికి చెప్పమనండి.

ఆట, నిద్ర: జట్టుగా ఆడే ఆట ఏదో ఒకటి ఉండాలి. పరీక్షల పేరుతో రాత్రి రెండింటి దాకా మేలుకునే అలవాటు ఈ వృత్తికి పనికిరాదు. అలసిన పైలట్‌ను నడపనివ్వకూడదనే విశ్రాంతి గంటలకు నిబంధనలు పెట్టారు.

ఇంగ్లిష్ గురించి ఒక మాట

అంతర్జాతీయ ప్రమాణంలో పైలట్ ఇంగ్లిష్‌ను ఆరు స్థాయిలుగా కొలుస్తారు. కనీసం 4వ స్థాయి కావాలి. ఉచ్చారణ, వాక్య నిర్మాణం, పదజాలం, ధారాళత, అర్థం చేసుకోవడం, బదులివ్వడం అనే ఆరు అంశాలు చూస్తారు. అమెరికన్ యాస అక్కర్లేదు. అవతలివారికి మొదటిసారే అర్థం కావాలి, అర్థం కానప్పుడు మళ్లీ చెప్పమని అడగగలగాలి.

కెప్టెన్ ఆనీ దివ్య విజయవాడలో కేంద్రీయ విద్యాలయంలో చదివారు. 17 ఏళ్లకు ఉడాన్ అకాడమీకి వెళ్లినప్పుడు ఇంగ్లిష్ సరిగా మాట్లాడలేక తోటివారి ఎగతాళిని ఎదుర్కొన్నారు. పట్టుదలతో నేర్చుకున్నారు. 19 ఏళ్లకు ఎయిర్ ఇండియాలో చేరి, 30 ఏళ్లకే బోయింగ్ 777 కమాండర్ అయ్యారు. ఇంగ్లిష్ మీడియంలో చదివే మన పిల్లలకు అడ్డంకి భాష కన్నా బిడియమే. తరగతిలో చేయెత్తి ఇంగ్లిష్‌లో సందేహం అడిగే అలవాటు 7వ తరగతిలో వస్తే, ఇంటర్వ్యూ గదిలో తడబాటు ఉండదు. దయచేసి ఇంట్లో తప్పులకు నవ్వకండి.

చివరి మెట్టు: డబ్బు

అభ్యర్థి సెలెక్ట్ అయ్యాక ఎయిర్‌లైన్ ఇచ్చే ఆఫర్ షరతులతో కూడినది. ఆఫర్ చేతికి రాగానే, ఫీజు కట్టే ముందు ఈ ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

ఫీజులో టైప్ రేటింగ్, వసతి, మెడికల్, పరీక్ష ఫీజులు కలిసి ఉన్నాయా? 
అదనపు ఫ్లయింగ్ గంటలు అవసరమైతే ఎవరు భరిస్తారు? 
మధ్యలో మానేసినా, ఫెయిలైనా ఎంత వెనక్కి వస్తుంది? 
శిక్షణ విదేశంలో అయితే ఇండియన్ లైసెన్సుగా మార్చే ఖర్చు ఎవరిది? 
శిక్షణ పూర్తయ్యాక ఉద్యోగం ఆలస్యమైతే లోన్ కంతులు ఎలా కట్టాలి?

ఆఖరి ప్రశ్న ఊరికే రాయలేదు. 2019 ఏప్రిల్లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ విమానాలు ఆగిపోయాయి. 2020లో కోవిడ్ వల్ల దేశంలో రెండు నెలలు ప్రయాణికుల విమానాలే ఎగరలేదు. లైసెన్స్ ఉన్నా నెలల తరబడి ఎదురుచూడాల్సి రావచ్చు. ఆస్తి మొత్తం ఒక్క దారికే పెట్టకండి. రెండో బిడ్డ చదువు, ఇంట్లో పెద్దవాళ్ల వైద్యం కోసం పక్కన పెట్టాకే లెక్క వేసుకోండి.

"సీటు గ్యారంటీ, ఉద్యోగం గ్యారంటీ" అనే ఏజెంట్లను నమ్మవద్దు. క్యాడెట్ నోటిఫికేషన్లు ఎయిర్‌లైన్ సొంత వెబ్‌సైట్‌లో ఉంటాయి. గుర్తింపు ఉన్న ఫ్లయింగ్ స్కూళ్ల జాబితా డీజీసీఏ వెబ్‌సైట్‌లో ఉంటుంది. వార్తల్లో ఊరి పేరు కూడా జాగ్రత్తగా చదవండి. ఎయిర్ ఇండియా ఫ్లయింగ్ స్కూలు ప్రకటించిన అమరావతి మహారాష్ట్రలోనిది, మనది కాదు.

తరగతి వారీగా ఒక చిన్న జాబితా

7, 8 తరగతులు: కంటి పరీక్ష, రంగుల చూపు పరీక్ష, ఒక ఆట, నోటి లెక్కలు. 
9, 10 తరగతులు: అన్ని సర్టిఫికెట్లలో ఒకే పేరు, ఇంగ్లిష్‌లో మాట్లాడే సాధన, పాస్‌పోర్టు. 
ఇంటర్: ఎంపీసీ, ఇంగ్లిష్ మార్కులు కూడా. 
ఇంటర్ తర్వాత: మెడికల్, ఆ తర్వాత అప్లికేషన్, సెలెక్షన్, ఆఫర్. అప్పుడే లోన్.

ఇంకొక్క మాట. ఇంటర్ అవ్వగానే ఎక్కకపోతే తప్పిపోయే రైలు కాదు ఇది. క్యాడెట్ ప్రోగ్రామ్‌ల వయోపరిమితి డిగ్రీ, ఇంజినీరింగ్ పూర్తి చేసినవారికి కూడా అవకాశం ఇస్తుంది. మొదటిసారి ఎంపిక కాని పిల్లలు డిగ్రీ చదువుతూ మళ్లీ ప్రయత్నించవచ్చు. డిగ్రీ చేతిలో ఉంటే పిల్లలకు ధైర్యం, మీకు నిద్ర.

మీ అబ్బాయికో అమ్మాయికో ఈ ఆసక్తి ఉంటే వచ్చే పేరెంట్స్ మీటింగులో క్లాస్ టీచర్‌తో చెప్పండి. వచ్చేటప్పుడు కంటి పరీక్ష రిపోర్టు, ఆధార్ కార్డు తెచ్చుకోండి. స్కూలు రికార్డులో ఉన్న పేరుతో అక్కడికక్కడే సరిచూసుకోవచ్చు.