జైలు గోడ దాటే నిషిద్ధ వస్తువులు

కొల్లాపూర్‌ నుంచి పాలమూరు జిల్లా జైలుకో, హైదరాబాద్‌లోని చంచల్‌గూడ, చర్లపల్లి కేంద్ర కారాగారాలకో ములాఖత్‌కు, అంటే ఖైదీని కలుసుకోవడానికి, వెళ్లే కుటుంబాలకు గేటు దగ్గరి తనిఖీ అవమానంగా తోచవచ్చు గానీ, దాని వెనుక బలమైన కారణమే ఉంది. చెప్పు అట్టలో ఇమిడే సిమ్‌కార్డుతో లోపలి నుంచే సాక్షిని బెదిరించవచ్చు. గుడ్డలో చుట్టి గోడ మీదుగా విసిరిన గంజాయి పొట్లం బ్యారక్‌లో అప్పులకు, కొట్లాటలకు దారితీస్తుంది.

1894 నాటి కారాగారాల చట్టం 42వ సెక్షన్‌ నిషిద్ధ వస్తువులను చేరవేసేవారికి ఆరు నెలల వరకు జైలు, రూ.200 వరకు జరిమానా లేదా రెండూ నిర్దేశించింది. ఆ జరిమానా నేడు ఎవరినీ భయపెట్టదు. రాష్ట్రాలు తమకు అనువుగా స్వీకరించేందుకు కేంద్రం 2023లో పంపిన నమూనా చట్టం జైలులో సెల్‌ఫోన్‌ వాడకానికి మూడేళ్ల వరకు శిక్షను ప్రతిపాదించింది.

సిగ్నల్‌ను అడ్డుకునే జామర్లు పాత తరంగాలకే పరిమితమైతే కొత్త ఫోన్లను ఆపలేవు, శక్తి పెంచితే చంచల్‌గూడ వంటి జనావాసాల్లో ఇరుగుపొరుగు ఫోన్లు మూగబోతాయి. అందువల్ల యంత్రాలకన్నా ముందు సిబ్బందికీ సందర్శకులకూ ఒకే తీరు తనిఖీ, ఖైదీలకు అధికారిక ఫోన్‌ సౌకర్యం అవసరం. ఇంటివారితో మాట్లాడే సక్రమ మార్గం అందుబాటులో ఉంటే దొంగ ఫోన్‌కు గిరాకీ తగ్గుతుంది కనుక, ఆ సౌకర్యాన్ని విస్తరించడం ప్రభుత్వం తక్షణం చేయవలసిన పని.